నానోట్యూబులకు ప్లాటినం వేస్తే వరంగల్ ఎండకు హైడ్రోజన్ వస్తుందా?

ఎండతో హైడ్రోజన్ తీసే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు టైటానియం డయాక్సైడ్ నానోట్యూబులు (కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు) తీసుకున్నావు, వాటి మీద ప్లాటినం తప్పనిసరా, మన ఎండ సరిపోతుందా అని కదా తమ్ముడూ నీ ప్రశ్న. హన్మకొండలో ఉండి నాలుగేళ్లు ఈ పనే చేశాను. ముందు నాకు తగిలిన దెబ్బ చెప్తాను.

మే నెల, ఎండ దంచుతోంది. నానోట్యూబులు పెంచిన, ప్లాటినం వేయని టైటానియం రేకును నీళ్లు, మిథనాల్ కలిపిన ఫ్లాస్కులో పెట్టి, రబ్బరు మూత బిగించి డాబా మీద ఉంచాను. పావుగంటకల్లా రేకు నిండా ఆవగింజల్లా బుడగలు. ఫొటోలు తీసి అందరికీ పంపేశాను కూడా! తీరా సిరంజితో గ్యాస్ తీసి, ఏ గ్యాసులున్నాయో చెప్పే క్రోమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తే నైట్రోజన్, ఆక్సిజన్ తప్ప హైడ్రోజన్ జాడే లేదు. నీళ్లు వేడెక్కి, అందులో కరిగిన గాలి బయటికొచ్చింది, అంతే. పొయ్యి మీద గిన్నెలోనూ అవే బుడగలు. పైగా వెలుగుకు ట్యూబుల్లో లేచి హైడ్రోజన్ తయారుచేయాల్సిన ఎలక్ట్రాన్లను ఆ ఆక్సిజన్ ముందే ఎత్తుకుపోతుంది. అందుకే ఆర్గాన్‌తో అరగంట గాలి తరిమాకే మొదలుపెట్టు. చీకట్లో ఒక ఫ్లాస్కు, ప్లాటినం లేనిది ఒకటి పక్కన పెట్టకుండా ఏ రీడింగూ నమ్మకు.

ఎండ వేడి చూసి మోసపోవద్దు. అనటేజ్ అనే టైటానియం డయాక్సైడ్ స్ఫటిక రూపానికి బ్యాండ్‌గ్యాప్, అంటే ఎలక్ట్రాన్‌ను లేపడానికి కావాల్సిన కనీస శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే సుమారు 388 నానోమీటర్ల లోపు అతినీలలోహిత కాంతే దానికి పనికొస్తుంది. ఎండలో ఆ వాటా 5 శాతం లోపే. బయట 44 డిగ్రీలున్నా ఈ లెక్క మారదు. మామూలు గాజు అందులోనూ కొంత మింగేస్తుంది, దొరికితే క్వార్ట్జ్ పాత్ర వాడు.

ప్లాటినం వేయాల్సిందే అంటాను. వెలుగుకు లేచిన ఎలక్ట్రాన్ తిరిగి హోల్‌లో (అది వదిలొచ్చిన ఖాళీలో) పడిపోయేలోపు ప్లాటినం దాన్ని లాగేసుకుంటుంది, హైడ్రోజన్ తయారయ్యేది అక్కడే. హోల్‌ను మిథనాల్ తన ఎలక్ట్రాన్లిచ్చి నింపుతుంది, నీళ్ల నుంచి ఆక్సిజన్ రాదు. కాబట్టి రిపోర్టులో 'నీటిని విడగొట్టాను' అని రాయకు, వైవాలో దొరికిపోతావు. ప్లాటినం ఎక్కువైతే గొట్టాల మూతులు మూసుకుపోయి వెలుగు లోపలికి దిగదు.

టైటానియం రేకు మీద ట్యూబులు ఇథిలీన్ గ్లైకాల్‌లో కొంచెం అమ్మోనియం ఫ్లోరైడ్, 2 శాతం నీళ్లు వేసి అందులో రేకుకు 60 వోల్టులు ఇస్తే బాగానే వచ్చాయి. ఫ్లోరైడ్‌తో గ్లౌజులు లేకుండా పని చేయొద్దు. 450 డిగ్రీల దగ్గర కాల్చకపోతే అనటేజ్ రాదు. కడగడానికి అల్ట్రాసోనిక్ (ధ్వని కంపనాల) బాత్‌లో ఐదు నిమిషాలు ఉంచితే నా పొర మొత్తం పొట్టులా ఊడిపోయింది, నువ్వు సెకన్లలోనే తీసేయ్.

ప్లాటినం సాల్ట్ ఖరీదు టెన్షన్ పెడితే, చేయి కుదిరేదాకా కాపర్ నైట్రేట్‌తో చెయ్. అది మీ ల్యాబ్ అల్మారాలోనే ఉంటుంది.