ఓటీపీ చెప్పినంత మాత్రాన అన్నిటికీ ఒప్పుకున్నట్టేనా?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది పరకాల దగ్గరి పల్లె. మా చెల్లెలికి 26 ఏళ్లు. రెండున్నరేళ్ల కింద డిప్రెషన్ వస్తే హన్మకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పది రోజులు ఉంచి వైద్యం చేయించాం. ఇప్పుడు బాగుంది, ఉద్యోగం చేస్తోంది. మొన్న జ్వరానికి మరో ఆసుపత్రికి తీసుకుపోతే కౌంటరు దగ్గర ఆధార్ అడిగి, నా ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పించుకొని 'ఆభా' అనే డిజిటల్ ఆరోగ్య గుర్తింపు కార్డు తీసి ఇచ్చారు. అది లేకుంటే ఓపీ చీటీ రాయబోమన్నారు. ఇక ఏ ఊరి డాక్టరైనా ఆ నంబరు కొడితే పాత వైద్యం సంగతి బయటపడుతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. సంబంధాలు చూస్తున్నాం, ఇన్సూరెన్సు కూడా తీయాలి. ఆ కార్డు రద్దు చేయించవచ్చా? మొదటి ఆసుపత్రి వాళ్లు డిశ్చార్జి కాగితాల నకలు ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో చివర రాసిన సంగతికే గడువు దగ్గర పడింది కాబట్టి మొదట దాని గురించి చెబుతాను. వైద్యుల వృత్తి ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందిన రోగి రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్ల పాటు భద్రపరచాలి. రోగి గాని, రోగి అధికారం ఇచ్చిన వ్యక్తి గాని అడిగితే అందినట్టు రాసిచ్చి, 72 గంటల్లోగా వాటిని ఇవ్వాలి. మీ లెక్క ప్రకారం ఇప్పటికి రెండున్నరేళ్లు గడిచాయి. ఇంకో ఆరు నెలలు ఆగితే 'పాత రికార్డులు తీసేశాం' అనే సమాధానం వారికి సులువుగా దొరుకుతుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 25వ సెక్షన్ కూడా చికిత్స పొందిన వ్యక్తికి తన ప్రాథమిక వైద్య రికార్డులను పొందే హక్కు ఇచ్చింది. అందువల్ల మీ చెల్లెలు తన పేరు మీద, తన సంతకంతో ఒక దరఖాస్తు రాసి, చేతికి ఇచ్చి ముద్ర వేయించుకోవడమో, చేరినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపడమో ఈ వారంలోనే చేయాలి. ఇంతవరకు మీరు నోటిమాటగా అడిగినవేవీ రుజువుకు నిలవవు.

దరఖాస్తు మీరు రాయకూడదని ఎందుకంటున్నానో కిందికి వచ్చేసరికి అర్థమవుతుంది.

ఇక ఆభా సంగతి. 2020 ఆగస్టు 15న ప్రకటించి, మొదట ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా నడిపి, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల నంబరు ఇది. జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ దీన్ని నడుపుతోంది. ఆసుపత్రి ఖర్చు కోసం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు వేరు, మన ఆరోగ్యశ్రీ వేరు, ఇది వేరు. ఇది చూపిస్తే బిల్లులో ఒక్క రూపాయి కూడా తగ్గదు. పేరు ఒకటే కావడంతో చదువుకున్నవారు కూడా పొరబడుతున్నారు.

మీ వాళ్లు భయపడుతున్నది ఈ వ్యవస్థను భూమి రికార్డుల పోర్టల్ ధరణి (ఇప్పుడు భూభారతి) వంటిదనుకోవడం వల్ల. సర్వే నంబరు కొడితే పట్టాదారు పేరు తెర మీదికి వచ్చినట్టే, ఆభా నంబరు కొడితే రోగి చరిత్ర వస్తుందనుకుంటున్నారు. భూమి రికార్డులు ఒకే చోట పోగై ఉంటాయి గనుక అక్కడ అది సాధ్యం. ఆరోగ్య నెట్‌వర్కును మాత్రం అలా కట్టలేదు. ఏ ఆసుపత్రి రాసిన రికార్డు ఆ ఆసుపత్రి కంప్యూటరులోనే ఉంటుంది. ఢిల్లీలో అందరి కేసు షీట్లు దాచిన గోదాము ఏదీ లేదు. నెట్‌వర్కు చేసే పని, ఫలానా వ్యక్తి రికార్డు ఫలానా చోట ఉందని గుర్తుపెట్టుకొని, ఆ వ్యక్తి ఒప్పుకున్నప్పుడు అక్కడి నుంచి ఇక్కడికి చేరవేయడమే. ఒక డాక్టరు పాత రికార్డు చూడాలంటే, ఏ పని కోసం, ఏ రకం పత్రాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎంతకాలం చూడటానికి అని రాసి అభ్యర్థన పంపాలి. అది రోగి ఫోనులోని ఆభా యాప్‌కు వస్తుంది. ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, తేదీలు తగ్గించి కొంతవరకే ఒప్పుకోవచ్చు, ఇచ్చిన సమ్మతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు కూడా. కాబట్టి నంబరు తీసుకోవడం ఒకటి, రికార్డు చూపించడానికి ఒప్పుకోవడం మరొకటి. మొదటిది జరిగినంత మాత్రాన రెండోది జరిగినట్టు కాదు.

పైగా మీ చెల్లెలి పాత చికిత్స ఈ నంబరు పుట్టకముందు జరిగింది. ఆ హన్మకొండ ఆసుపత్రి ఈ నెట్‌వర్కులో చేరి ఉండి, ఎవరైనా యాప్‌లోకి వెళ్లి ఆ ఆసుపత్రి పేరు ఎంచుకొని, తన రికార్డులు వెతికి, ఆసుపత్రిలో రాయించిన ఫోను నంబరుకు వచ్చే ఓటీపీ ఇచ్చి జత చేస్తే తప్ప, ఆ రికార్డు ఆభాకు అంటుకోదు. మొన్నటి జ్వరం రికార్డును మాత్రం రెండో ఆసుపత్రి తనంతట తాను జత చేసి ఉండవచ్చు. జ్వరం చీటీ గురించి బెంగపడాల్సిన అవసరం లేదు.

ఇప్పుడు అసలు ప్రమాదం ఎక్కడుందో చూడండి. ఓటీపీ మీ ఫోనుకు వచ్చింది. అంటే మీ చెల్లెలి ఆధార్‌కు మీ నంబరే జత చేసి ఉంది. బహుశా మొదటి ఆసుపత్రిలోనూ మీ నంబరే రాయించి ఉంటారు. మన పల్లెల్లో ఇంటిల్లిపాది ఆధార్‌లకు ఒకే ఫోను నంబరు ఉండటం మామూలే. కాని దాని ఫలితం ఏమిటంటే, 26 ఏళ్ల స్త్రీ ఆరోగ్య వివరాల తాళంచెవి అన్న జేబులో ఉంటుంది, రేపు ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటే వారి దగ్గర ఉంటుంది. చట్టం దృష్టిలో పెద్దల సమ్మతి 18 ఏళ్లు నిండనివారికీ, చట్టబద్ధ సంరక్షకుడు ఉన్న వికలాంగులకూ మాత్రమే వర్తిస్తుంది. మేజరైన చెల్లెలి తరఫున సమ్మతి ఇచ్చే అధికారం అన్నగా మీకు లేదు. మీ ఉద్దేశం మంచిదే, కాదనను. అయినా ఆ రోజు కౌంటరులో జరిగింది ఆమె సమ్మతి కాదు, మీ సమ్మతి. దరఖాస్తు ఆమే రాయాలన్నదీ ఇందుకే.

ఆ ఓటీపీని సమ్మతిగా చూపించి ఆసుపత్రి సమర్థించుకోగలదా అన్నది తరవాతి ప్రశ్న. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. దాని తరువాత వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ప్రకారం సమ్మతి అనేది స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, తెలిసి, షరతు లేకుండా, సందేహానికి తావు లేకుండా ఇచ్చినదై ఉండాలి; ఏ వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో తెలిపే నోటీసును తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో కోరుకున్నదానిలో చదివే వీలుండాలి; ఇచ్చినంత సులువుగా సమ్మతిని ఉపసంహరించుకునే దారి ఉండాలి. 'కార్డు లేకుంటే చీటీ రాయం' అనడం షరతు పెట్టడమే. ఆభా ఐచ్ఛికమనీ, అది లేదన్న కారణంతో వైద్యం నిరాకరించరాదనీ ఈ మిషన్ విధానమే చెబుతోంది. మళ్లీ ఎవరైనా అలా అంటే, ఆ మాట రాసివ్వమని అడగండి. చాలా కౌంటర్లలో ఆ ఒక్క అడుగుతోనే చీటీ బయటికి వస్తుంది.

అయితే ఒక చిక్కుంది, దాన్ని దాచి మీకు ధైర్యం చెప్పడం నా వృత్తికి తగదు. 2023 చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సమాచార రక్షణ బోర్డు ఏర్పాటుకు సంబంధించిన భాగం వెంటనే అమలయింది గాని, నోటీసు, సమ్మతి, రోగి హక్కులకు సంబంధించిన ముఖ్య భాగాలకు 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే వరకు అవి ఆసుపత్రిని పూర్తిగా కట్టడి చేయవు. అందాకా మనకున్నది సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43-ఎ సెక్షన్, దాని కింద 2011లో వచ్చిన నియమాలు. వైద్య రికార్డులను, మానసిక ఆరోగ్య స్థితిని ఆ నియమాలు సున్నితమైన సమాచారంగా గుర్తించాయి. ముందస్తు అనుమతి లేకుండా మూడో వ్యక్తికి ఇవ్వరాదన్నాయి. భద్రతలో నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే పరిహారం కోరవచ్చు. ఇది కంపెనీలకు, వ్యాపార, వృత్తి సంస్థలకు వర్తిస్తుంది కాబట్టి మీరు చెప్పిన ప్రైవేటు ఆసుపత్రులు దీని కిందికి వస్తాయి. వరంగల్ ఎంజీఎం వంటి ప్రభుత్వ ఆసుపత్రిపై ఈ సెక్షన్‌తో వెళ్లడం కష్టం.

కొత్త చట్టం పూర్తిగా అమలయ్యాక 43-ఎ రద్దవుతుంది. కొత్త చట్టంలో భద్రతా వైఫల్యానికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది; కాని ఆ డబ్బు కేంద్ర సంచిత నిధికి పోతుంది, నష్టపోయిన మనిషికి రాదు. దేశమంతా ఆరోగ్య సమాచారాన్ని పంచుకునే వ్యవస్థను కడుతూ, ఆ సమాచారం బయటపడితే రోగికి దక్కే పరిహారం దారిని మూసివేయడం సబబు కాదని నా అభిప్రాయం. అప్పుడు మిగిలేది వినియోగదారుల కమిషనే. వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే శాంత కేసులో తేల్చింది.

మీ చెల్లెలి విషయంలో వీటన్నిటికంటే బలమైన రక్షణ మరొకటి ఉంది, అది ఇప్పటికే అమలులో ఉంది. మానసిక ఆరోగ్య చట్టంలోని 23వ సెక్షన్ చికిత్స పొందిన వ్యక్తి వివరాలను గోప్యంగా ఉంచే బాధ్యతను వైద్యం చేసినవారందరి మీదా పెట్టింది. 24వ సెక్షన్ ఆ గోప్యత ఎలక్ట్రానిక్, డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికీ వర్తిస్తుందని విడిగా చెప్పింది. చికిత్స చేస్తున్న ఇతర వైద్యులకు అవసరమైన మేరకు, ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఇతరులకు హాని జరగకుండా, కోర్టు లేదా సంబంధిత బోర్డు ఆదేశించినప్పుడు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. పెండ్లివారు ఆరా తీయడం వాటిలో లేదు.

పెండ్లి మాట వచ్చింది గనుక ఒక్క ముక్క. ఆసుపత్రి చెప్పకూడదన్నది ఒక సంగతి, అబ్బాయికి మీ చెల్లెలు చెప్పాలా వద్దా అన్నది వేరొక సంగతి. 1998లో సుప్రీంకోర్టు ఒక కేసులో హెచ్‌ఐవీ సంగతి కాబోయే భార్య వైపువారికి తెలియడాన్ని తప్పుపట్టలేదు, ఎందుకంటే అక్కడ ఆమెకు సోకే ప్రమాదం ఉంది. డిప్రెషన్ అలాంటిది కాదు. అది తగ్గిపోయి ఉద్యోగం చేసుకుంటున్న మనిషి పెండ్లికి హిందూ వివాహ చట్టం అడ్డు చెప్పదు. కాని ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారన్న ఆరోపణతో 12వ సెక్షన్ కింద పెండ్లి రద్దు కోరే కేసులు కోర్టులకు వస్తూనే ఉంటాయి. నిర్ణయం ఆమెది, నా సలహా అడిగితే, నిశ్చయం జరగకముందే ఆమె నోటితో అబ్బాయికి తెలియడం మేలంటాను.

ఇన్సూరెన్సు విషయంలోనూ నెట్‌వర్కు మీద పెట్టుకున్న భయం దారి తప్పినదే. సమ్మతి లేకుండా కంపెనీ ఆభా ద్వారా రికార్డు తెప్పించుకోలేదు. అయితే ప్రతిపాదన పత్రంలో 'గతంలో ఏ వ్యాధికైనా చికిత్స పొందారా' అని అడిగిన చోట 'లేదు' అని రాస్తే, ఆభా ఉన్నా లేకున్నా అది తప్పే అవుతుంది. క్లెయిము సమయంలో కంపెనీ మనిషి పాత ఆసుపత్రికి వెళ్లి విచారించడం ఈ నెట్‌వర్కు పుట్టకముందు నుంచీ ఉన్నదే. నిజం రాయండి. మానసిక వ్యాధికి శారీరక వ్యాధితో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. ఆరోగ్య బీమా 60 నెలలు వరుసగా కొనసాగితే, మోసం రుజువైతే తప్ప, పాత వివరం చెప్పలేదన్న కారణంతో క్లెయిమును తోసిపుచ్చరాదని 2024 నుంచి నిబంధన ఉంది; దాన్ని ఆసరా చేసుకొని దాచమని మాత్రం నేను చెప్పను.

రద్దు గురించి. ఆభా నంబరును యాప్ లేదా వెబ్‌సైటు ద్వారా తాత్కాలికంగా నిలిపివేయవచ్చు, శాశ్వతంగా తొలగించవచ్చు. తొలగిస్తే నెట్‌వర్కుతో లంకె తెగుతుంది. ఆసుపత్రుల కంప్యూటర్లలో ఉన్న రికార్డులు మాత్రం అక్కడే ఉంటాయి. మీ ప్రశ్నకు కారణమైన పాత రికార్డుకు ఇప్పటివరకు లంకే లేదు కాబట్టి రద్దు వల్ల కలిసివచ్చేది తక్కువ. దానికి బదులు, మీ చెల్లెలు ఆధార్ కేంద్రానికి వెళ్లి తన సొంత ఫోను నంబరు ఆధార్‌కు జత చేయించుకోవాలి, ఆభాలోనూ అదే నంబరు మార్చుకోవాలి, యాప్ తన ఫోనులో పెట్టుకొని ఏ ఆసుపత్రి రికార్డులు జతయ్యాయో, ఎవరికి సమ్మతి పోయిందో తానే చూసుకోవాలి. ఆ తరువాత కూడా వద్దనిపిస్తే ఆమే తొలగించుకుంటుంది.

డిశ్చార్జి కాగితాలు 72 గంటల్లో రాకపోతే తెలంగాణ వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు, నిరాకరించిన నాటి నుంచి రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. చికిత్సకు కట్టిన మొత్తం 5 లక్షల లోపయితే కోర్టు ఫీజు ఉండదు. స్త్రీ కావడం వల్ల ఆదాయంతో పనిలేకుండా మీ చెల్లెలికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. దరఖాస్తులో చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు రాయడం మరవవద్దు. ఐపీ నంబరు గుర్తులేకపోతే అప్పటి మందుల బిల్లు మీద సాధారణంగా ఉంటుంది, వెతికి చూడండి.