ఆ చిన్న ‘ద’ గురించి

మిర్యాలగూడ

బిడ్డా,

నీ ఇంగ్లీష్ వ్యాసం రెండుసార్లు చదివాను. విషయం బాగా రాశావు. కానీ ‘ద నల్గొండ’, ‘ద కామర్స్’ అంటూ కనిపించిన ప్రతి మాట ముందూ ఒక ‘ద’ (the) తగిలించావు. ఎక్కడ తప్పుపోతుందోనన్న టెన్షన్‌తోనే పెట్టావని తెలుస్తోంది.

తెలుగులో దానికి సరిపోయే మాట లేదు. అట్లని ఆ ఆలోచన మనకు కొత్తేం కాదు. పొద్దున “బస్సొచ్చింది” అని అరిస్తే, నువ్వు రోజూ ఎక్కే బస్సేనని మీ అమ్మకు తెలుసు. “దారిలో ఒక బస్సు ఆగిపోయింది” అంటే మాత్రం “ఏ బస్సే?” అంటుంది. నువ్వు చెప్పేది ఏదో ఎదుటివాళ్లకు ముందే తెలిసి, ‘ఏది?’ అని అడిగే పని లేకపోతే ‘ద’ పెట్టు. అడిగేటట్టుంటే, చెప్పేది ఏదో ఒకదాని గురించైతే ‘ఎ’ (a) పెట్టు. “నాకు టీ ఇష్టం” అన్నప్పుడు ఫలానా టీ అని కాదు, ఏ టీ అయినా సరే, అక్కడ ఏదీ వద్దు. నిన్న నువ్వు పెట్టిన టీ అయితే ‘ద టీ’.

నేను టీచరుగా చేరిన కొత్తలో బోర్డు మీద ‘సన్ రైజెస్ ఇన్ ఈస్ట్’ అని రాశాను. తనిఖీకి వచ్చినాయన పిల్లల ముందే “ఎంతమంది సూర్యుళ్లమ్మా?” అన్నారు. ఆ రోజు అన్నం సహించలేదు. కానీ ఆ ప్రశ్నే నాకు దారి చూపింది. సూర్యుడు ఒక్కడే, అందరికీ తెలిసినవాడే. అందుకే ‘ద సన్’, ‘ది ఈస్ట్’. అచ్చు శబ్దం ముందు ‘ది’ అని పలుకు. చూడాల్సింది అక్షరం కాదు, శబ్దం: ‘ది అవర్’, ‘ద యూనివర్సిటీ’.

పేర్ల దగ్గర మాత్రం తర్కం వెతకకు, అలవాటు చేసుకో. ‘ద మూసీ జాయిన్స్ ద కృష్ణా ఎట్ వాడపల్లి.’ నదులు రెండింటికీ ఉంది, ఊరికి లేదు. మన జిల్లాలోని సంగమమే కాబట్టి మరచిపోవు.

ఇంకొకటి. మీ తమ్ముడు చదువుకోను పోతే ‘గోస్ టు స్కూల్’. మీ నాన్న వాడి ఫీజు కట్టను పోతే ‘వెంట్ టు ద స్కూల్’. బడి ఒకటే, పోయిన పని వేరు.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని నీ ‘ద’లన్నిటికీ సున్నా చుట్టు. ఒక్కోదాని దగ్గర ఆగి ‘ఏది?’ అని అడుగు. జవాబు దొరకనివి కొట్టేయకుండా అట్లే ఉంచి ఆదివారం తీసుకురా, కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ