మెట్ట అర ఎకరంలో తిండినిచ్చే అడవి తోట: మొక్కలు కొనే ముందు

కదిరి వైపు అర ఎకరం ఎర్ర నేల ఉందని, బోరు ఎండిపోయిందని, మన ప్రాంతపు చెట్లతోనే పండ్లూ కూరలూ ఇచ్చే అడవి తోట వేయడానికి ఏ మొక్కలు కొనాలో చెప్పమని అడిగారు. నేను అక్కడికి దగ్గరలోనే ఆరేళ్లుగా అంతే నేలను సాకుతున్నాను. మొదటి ఏడాది మొక్కలేవీ కొనవద్దన్నదే నా సలహా.

నేను కొని నష్టపోయాను. వీడియోల్లో చూపే అంతస్తుల తోటను, అంటే పెద్ద చెట్టు కింద చిన్న చెట్టు, దాని కింద పొద, ఆపైన తీగ అన్న పద్ధతిని యథాతథంగా నమ్మి, ఆరేసి అడుగుల దూరంలో 120 మొక్కలు నాటాను. ఆ అల్లిక ఏడాదికి సుమారు 3,000 మి.మీ. వాన పడే కేరళ పెరళ్లకు సరిపోతుంది. మనకు పడేది 550 మి.మీ. అటూ ఇటూ కాబట్టి, ఇక్కడ చెట్లు వెలుగు కోసం కన్నా ముందు వేళ్ల దగ్గర తడి కోసం పోటీ పడతాయి. తొలి వేసవి దాటేసరికి మూడో వంతు కూడా మిగలలేదు. ఎండిన వాటిని పీకి చూస్తే చాలావాటి తల్లివేరు సంచి అడుగున చుట్టుకుపోయి ఉంది. ఇప్పుడు చెట్టుకూ చెట్టుకూ 25 అడుగులు వదులుతున్నాను. ఆ లెక్కన అర ఎకరానికి 35 చెట్లకు మించి పట్టవు.

కనుక మొదటి పని నీటిది. 550 మి.మీ. వాన అంటే అర ఎకరం మీద దాదాపు 11 లక్షల లీటర్లు పడినట్టు. అందులో ఎంత నేలలోకి దిగుతుందన్నదే తోట భవితవ్యం. వాలుకు అడ్డంగా అడుగున్నర లోతు, రెండడుగుల వెడల్పు కందకాలు తీసి, తవ్విన మట్టిని దిగువ వైపు కట్టగా వేసి, ఆ కట్టల వెంబడి చెట్లు పెంచండి. చుట్టూ ఎండు రేగు కంప వేసి, దాని లోపలి వైపు వాక్కాయ గింజలు వరుసగా నాటండి. వాక కంచె చిక్కబడడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అంతవరకు కంపను ఏటా సరిచేయకపోతే మేకలు ఒక్క పూటలో మీ శ్రమనంతా మేసేస్తాయి.

ఏ చెట్లన్నది మీ ఊరి గుట్టే చెబుతుంది. నీళ్లు పోసేవారు లేకుండా అక్కడ బతుకుతున్నవాటిని రాసుకోండి. మా జాబితాలో రేగు, ఉసిరి, నేరేడు, వెలగ, వాక్కాయ, ఈత, మధ్యమధ్య ఆకు ఎరువు కోసం కానుగ ఉన్నాయి. సీతాఫలం పుట్టుక అమెరికా ఖండానిది కనుక అది స్థానికం కాదని ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పారు. శతాబ్దాలుగా మన గుట్టల మీద తనంతట తానే మొలుస్తున్న చెట్టును వెళ్లగొట్టడానికి నాకు మనసొప్పలేదు.

విత్తనాలను ఉన్నచోటనే వేయడం వల్ల తల్లివేరు అడ్డం లేకుండా దిగుతుంది. నేరేడు గింజకు ఆయువు తక్కువ కాబట్టి పండు తిన్న వారంలోపే ఆరుద్ర కార్తె తడిలో నాటాలి. రేగు గింజలను మాత్రం సంక్రాంతికి తీసి మృగశిర వరకు దాచుకోవచ్చు. టెంకను సుత్తితో మెల్లగా పగలగొట్టి లోపలి పలుకు వేస్తే మాకు వారానికే మొలకెత్తింది; టెంకతో వేసినవి మూడు నాలుగు వారాలు తీసుకున్నాయి. కాస్త బలపడ్డాక మంచి రకం మొగ్గతో అంటు కట్టించాను. వేసవిలో రేగు ఆకు రాల్చితే చచ్చిందనుకుని కడవలు మోయకండి, అది ఎండను దాటేసే పద్ధతే అంత.

చెట్లు కాపుకు వచ్చేదాకా మీ వంటింటిని నడిపేవి ఆకుకూరలూ తీగలే. కందకాల తడిలో పొన్నగంటి, విడి నేలలో గలిజేరు, చెంచలి, పాయలకూర మొదటి వానలకే వస్తాయి. వాటిని కలుపని పీకేయకుండా, ఊళ్లో ఆకులు గుర్తుపట్టగల పెద్దావిడను ఒకరిని వెంట తీసుకెళ్లి చూపించుకున్నాకే వండండి. కంచె మీదికి బోడకాకర పాకించండి. అయితే దానిలో మగ తీగ, ఆడ తీగ వేరువేరుగా ఉంటాయి. నేను తెచ్చిన నాలుగు దుంపలూ మగవే కావడంతో ఒక వర్షాకాలమంతా పూలు మాత్రమే చూశాను. కనీసం పది దుంపలు నాటి, పూత వచ్చాక పువ్వు కింద చిన్న పిందె ఉన్నవాటిని ఆడవిగా గుర్తించి, మగ తీగలు ఒకటి రెండు ఉంచి మిగిలినవి తీసేయండి.