పాత ఇంటి జ్ఞాపకాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఊరు నగర శివారులో కలిసిపోయింది. పాత ఇళ్ల గురించి పెద్దవాళ్లను అడిగి రాసి పెడదామని కూర్చుంటే "అప్పట్లో అంతా బాగుండేది" అన్న మాట దగ్గరే ఆగిపోతున్నారు. ఎలా అడగాలి?

జవాబు: "ఇల్లు ఎలా ఉండేది?" అని అడిగితే ఎవరైనా అభిప్రాయమే చెబుతారు. ముందు ఒక పెద్ద తెల్లకాగితం, పెన్సిలు వారి చేతికివ్వండి. వీధి గుమ్మం ఎటు ఉండేదో గీయమనండి. గీత వంకరపోయినా, గదుల కొలతలు కుదరకపోయినా దిద్దకండి. గీయలేమంటే వారు చెబుతుంటే మీరే గీయండి. గుమ్మం దాటాక ఎడమచేతి వైపు ఏముంది? ఆ తలుపు లోపలికి తెరుచుకునేదా, బయటికా? రాత్రిపూట ఎవరు ఎక్కడ పడుకునేవారు? వాన పడితే ఏ మూల కారేది? నీళ్లు ఎక్కడినుంచి, ఎవరు తెచ్చేవారు? తల తగిలే ద్వారబంధం, ఎత్తు ఎక్కువైన మెట్టు, బిగుసుకుపోయే గడియ వంటి సంగతులు ఏళ్లు గడిచినా చెరగవు. వాటి వెంటే మనుషులూ పనులూ గుర్తుకొస్తారు.

తేదీలతో మాత్రం జాగ్రత్త. "ఏ సంవత్సరంలో కట్టారు?" అంటే తోచిన అంకె చెబుతారు. అది నలుగురి నోటా తిరిగి నిజమై కూర్చుంటుంది. అందుకని ఇంట్లో జరిగిన వాటికి ముడిపెట్టి అడగండి. వంటగది కట్టేసరికి పెద్దబ్బాయి పుట్టాడా? కరెంటు వచ్చింది పెళ్లికి ముందా, తర్వాతా? ఏది ముందు, ఏది వెనక అన్న వరస అంత సులువుగా తప్పదు. పుట్టిన తేదీ కాగితం మీద ఉంటే దాన్నిబట్టి సంవత్సరం పట్టుకోవచ్చు.

ఒకసారి కూర్చుంటే గంట, గంటన్నర చాలు. ఒక జవాబు అయ్యాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా ఐదారు సెకన్లు ఊరుకోండి. చెప్పవలసింది తరచు అప్పుడే బయటికి వస్తుంది. రెండోసారి వెళ్లేటప్పుడు పటాన్ని శుభ్రంగా తిరగగీసి చూపించండి. తప్పు పటం కంటబడితే దిద్దకుండా ఎవరూ ఉండలేరు.

శివారు ఊరికి ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: ఖాళీ స్థలం ఏ వరసలో పోయింది? పెరడు ఎప్పుడు రెండు ముక్కలైంది, పశువుల కొట్టం ఎప్పుడు అద్దె గది అయింది, మేడ మీద గది ఎవరికోసం లేచింది? అద్దెకున్నవాళ్లను అడగడం చాలామంది మరిచిపోతారు. ఇంటివారికి గోడలు గుర్తుంటే, ఉమ్మడి కుళాయి దగ్గర ఎవరి వంతు ఎప్పుడో అద్దెవారికి గుర్తుంటుంది. ఊరు మారిన తీరు తెలియాలంటే ఇద్దరి మాటా కావాలి.

ప్రశ్న: ఒకే ఇంటి గురించి అన్నదమ్ములిద్దరూ వేరువేరుగా చెబుతున్నారు. ఎవరి మాట రాయాలి?

జవాబు: ఇద్దరిదీ, ఎవరి పేరు కింద వారిది రాయండి. తర్వాత ఇంటిని చూడండి. చాలాసార్లు ఇద్దరూ సరిగ్గానే చెప్పి ఉంటారు, చెప్పిన కాలాలు వేరు. "ఆ ఇంట్లోకి మెట్లు ఎక్కి వెళ్లేవాళ్లం" అని ఒకరు, "దిగి వెళ్లేవాళ్లం" అని ఇంకొకరు అన్నారనుకోండి. పాత పొర తీయకుండా రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే వీధి మట్టం పెరుగుతుంది, ఎత్తున ఉన్న గడప పల్లంలో పడుతుంది. బయట గోడ అడుగున ఒక మెట్టో, పునాది అంచో పూడిపోయి కనిపిస్తే రెండు మాటలూ నిలబడ్డట్టే.

గది తర్వాత కలిపిందా అన్న అనుమానం ఉంటే రెండు గోడలు కలిసే మూల చూడండి. ఒకేసారి కట్టిన గోడల్లో ఇటుకలు ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఉంటాయి. తర్వాత ఆనించి కట్టినచోట పైనుంచి కిందిదాకా నిట్టనిలువు గీత ఉంటుంది. పూత మీద సున్నం ఎన్నిసార్లు వేసినా ఆ గీత మళ్లీ మళ్లీ చీలుతుంది, ఎందుకంటే రెండు పునాదులూ ఒకే తీరుగా కుంగవు.

ఇటుకల మధ్య పెట్టిన అడుసు సున్నపుదా, సిమెంటుదా అని తేల్చడానికి వెనిగరు చుక్క వేసి చూడమని కొందరు చెబుతారు. దాన్ని నమ్మకండి, సిమెంటు కూడా నురగ కడుతుంది. కనపడని చోట మేకుతో గీకండి. పాత సున్నం తెల్లగా పొడి రాలుతుంది, సిమెంటు బూడిదరంగులో గట్టిగా ఎదురు తిరుగుతుంది. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ నేటి సిమెంటుకు మూలమైన పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నది 1824లో, ముడతల ఇనుప రేకుకు పేటెంటు వచ్చింది 1829లో, లూడ్విగ్ హాచెక్ ఆస్బెస్టాస్ రేకుల పేటెంటు 1901లో. ఈ ఏళ్లు "అంతకు ముందు ఉండే వీలు లేదు" అని మాత్రమే చెబుతాయి. సందుల్లో సిమెంటు పూసి ఉన్నంతమాత్రాన గోడ కొత్తదైపోదు, మరమ్మతు ఎప్పుడైనా చేసి ఉండవచ్చు. పాత ఆస్బెస్టాస్ రేకును మాత్రం గీకవద్దు, విరవవద్దు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

ప్రశ్న: ఫోనులో రికార్డు చేస్తే మాట సరిగా వినపడటం లేదు. పాత ఫోటోలను ఎలా భద్రపరచాలి?

జవాబు: ఫ్యాను ఆపండి, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, బల్ల మీద నేరుగా కాకుండా మడతపెట్టిన గుడ్డ మీద, మాట్లాడేవారికి మూర దూరంలో ఉంచండి. వీలుంటే వేవ్ ఫైలుగా (శబ్దాన్ని కుదించకుండా దాచే రకం), 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీయండి. ఒకే చానల్ అయితే గంటకు సుమారు 520 మెగాబైట్లు పడుతుంది. ఫోటోలను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), వెనకవైపు రాత కూడా వచ్చేలా స్కాన్ చేయండి. ఆల్బం జిగురుకు అంటుకుపోయిన ఫోటోను పీకకండి, పేజీ మొత్తంగా స్కాన్ చేయండి. మూడు ప్రతులు ఉంచండి, ఒకటి వేరే ఇంట్లో.

ప్రశ్న: పక్క ఇల్లు రెండు రోజుల్లో పడగొడతారు. ఏం రాసుకోవాలి?

జవాబు: మొదటి రోజు కొలతలు, రెండో రోజు ఫోటోలు. ప్రతి గదికీ నాలుగు గోడలతో పాటు ఎదురెదురు మూలల మధ్య అడ్డకొలతలూ తీయండి. పాత గదులు చాలావరకు సరిచదరంగా ఉండవు, అడ్డకొలత లేకపోతే ఇంటికొచ్చి గీసేటప్పుడు పటం కలవదు. తలుపులు, కిటికీలున్న గోడకు ముక్కముక్కగా కొలవకుండా, టేపును ఒక చివర పట్టి ప్రతి అంచు దగ్గర అంకె రాసుకుంటూ పోండి. ముక్కలు కూడితే చిన్న తప్పులూ కూడుతాయి. గోడ మందం తలుపు సందులో కొలవండి. ఫోటోలో ఒక స్కేలు కనపడేలా పెట్టి గోడకు ఎదురుగా నిలబడి తీయండి. దూలం గోడలో దిగిన చోటూ, వాసాలు కలిసే చోటూ దగ్గరగా తీయండి. యజమాని ఒప్పుకుంటే తయారీ ముద్ర ఉన్న పెంకు ఒకటి, ఇటుక ఒకటి అడిగి తెచ్చి, ఎక్కడిదో చీటీ కట్టండి. పైకప్పు విప్పడం మొదలయ్యాక లోపలికి వెళ్లకండి. కప్పు బరువు పోగానే పాత గోడ నిలకడ తప్పవచ్చు.

ప్రశ్న: చెప్పినవారు తర్వాత "అది రాయొద్దు" అంటే?

జవాబు: తీసేయండి. వాటాలు, సరిహద్దులు తగాదాలో ఉన్న ఇంట్లో ఇలాంటి మాట తప్పకుండా వస్తుంది. మొదలుపెట్టే ముందే ఏది ఎవరికి చూపవచ్చో ఒక కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి. ఫలానా సంవత్సరం దాకా బయటపెట్టవద్దంటే ఆ సంవత్సరాన్ని ఫైలు పేరులోనే రాయండి, విడి చీటీ అయితే పోతుంది.