మీ ప్రశ్న – మా జవాబు: విశిష్టోష్ణం లెక్క ఎక్కడ తప్పుతుంది?

ప్ర: 200 గ్రాముల రాగి ముక్కను ఆవిరి హీటరులో 100 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేశాను. 60 గ్రాముల రాగి కెలోరీమీటరులో (వేడిని కొలిచే గిన్నెలో) 28 డిగ్రీల దగ్గరున్న 100 గ్రాముల నీళ్లలో దాన్ని వేస్తే 37.5 దగ్గర నిలిచింది. లెక్క కడితే విశిష్టోష్ణం (ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన కెలోరీలు) 0.076 తేలింది. పుస్తకంలో 0.092 ఉంది. ఎందుకింత తేడా?

జ: మొదటి తప్పు లెక్కలోనే ఉంది. మీరు నీళ్లు గ్రహించిన వేడినే చూశారు: 100 × 1 × 9.5 = 950 కెలోరీలు. కెలోరీమీటరు కూడా నీళ్లతో పాటే వేడెక్కింది కదా! దాని వాటా 60 × 0.092 × 9.5, అంటే సుమారు 52. మొత్తం 1002 కెలోరీలు. ముక్క చల్లబడింది 62.5 డిగ్రీలు. 1002ను 200 × 62.5తో భాగిస్తే 0.080.

ఇంకా తక్కువే. మిగతా తేడా ప్రయోగంలోది. ఎక్కువ అనుమానం ముక్కను హీటరు నుంచి నీళ్లలోకి తెచ్చే ఆ రెండు మూడు క్షణాల మీదే. లెక్కను వెనక్కి తిప్పి చూడండి: రాగి నిజంగా 0.092 అయితే, 1002 కెలోరీలు ఇవ్వడానికి అది 54.5 డిగ్రీలు చల్లబడితే చాలు. అంటే నీళ్లలో పడేసరికే ముక్క 92 దగ్గరికి దిగి ఉండాలి. నష్టమంతా దారిలోనే జరగకపోవచ్చు, కొంత కెలోరీమీటరు గోడల నుంచీ పోతుంది. దానికి ఉపాయం, నీళ్లను గది ఉష్ణోగ్రత కంటే 5 డిగ్రీలు చల్లగా మొదలుపెట్టడం. గది 28 ఉంటే నీళ్లు 23. చివరికి 34 చుట్టుపక్కల నిలుస్తాయి. మొదట బయటి నుంచి వచ్చిన వేడి, తర్వాత బయటికి పోయే వేడి దాదాపు చెల్లుకు చెల్లవుతాయి.

థర్మామీటరును అర డిగ్రీ ఎక్కువ చదివి 38 అనుకున్నా 0.080 కాస్తా 0.085 అవుతుంది. అందుకే పదో వంతు డిగ్రీ చూపేది వాడండి, కలుపుతూ ఉండి గరిష్ఠ రీడింగునే రాసుకోండి.

కొందరు ముక్కను దారం కట్టి నేరుగా మరిగే నీళ్లలోనే వేడి చేస్తారు. దానికి 2 గ్రాముల వేడినీళ్లు అంటుకొచ్చినా మీ ప్రయోగంలో 125 కెలోరీలు అదనంగా చేరి, విశిష్టోష్ణం 0.010 పెరిగి కనబడుతుంది. అప్పుడు ఒక తప్పు ఇంకో తప్పును కప్పేసి జవాబు పుస్తకంతో సరిపోతుంది. తప్పు జవాబు కంటే ఇది ఎక్కువ మోసం చేస్తుంది.

ప్ర: 40 డిగ్రీల 50 గ్రాముల నీళ్లలో 0 డిగ్రీల 50 గ్రాముల మంచు వేస్తే తుది ఉష్ణోగ్రత మైనస్ 20 వస్తోంది. గుప్తోష్ణం (మంచు కరగడానికే పట్టే వేడి) కూడా కలిపాను.

జ: మంచంతా కరుగుతుందని మీరు ముందే ఒప్పేసుకున్నారు. అదే చిక్కు. సమీకరణం రాయకముందే చేతిలో ఎంత వేడి ఉందో చూడాలి. నీళ్లు 0కి దిగేలోపు ఇచ్చేది 50 × 40 = 2000 కెలోరీలు. గ్రాము మంచు కరగడానికి 80 చొప్పున మొత్తానికి 4000 కావాలి. కాబట్టి 25 గ్రాములే కరుగుతాయి, మిగతా 25 తేలుతూ ఉంటాయి, ఉష్ణోగ్రత 0 దగ్గరే ఆగుతుంది. మంచు మైనస్ 10 దగ్గర మొదలైతే దాన్ని 0కి తేవడానికే 50 × 0.5 × 10 = 250 పోతాయి. మంచు విశిష్టోష్ణం నీటిలో సగమేనని ఇక్కడ చాలామంది మరిచిపోతారు. మిగిలిన 1750తో కరిగేది దాదాపు 22 గ్రాములు.

ప్ర: ఉష్ణోగ్రతకు 273 కలపాలా?

జ: అక్కర్లేదు. ఈ లెక్కలో కావలసింది తేడా మాత్రమే, అది సెల్సియస్‌లోనూ కెల్విన్‌లోనూ ఒకటే. తేడాకు 273 కలిపితే మాత్రం లెక్క గంగలో కలిసినట్టే. కెలోరీలకు బదులు జౌళ్లలో చేసేటప్పుడు నీటి విశిష్టోష్ణం 4186 కిలోగ్రాముకి, 4.186 గ్రాముకి.