ముసుగు వేసుకుని గస్తీ తిరిగే కుర్రాడు

ప్రశ్న: నేను కోస్తాలోని ఒక పట్టణంలో ఎస్సైగా పనిచేస్తున్నాను. ఆరు నెలల క్రితం రాత్రి గస్తీలో ఉండగా ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక కుర్రాడు కనిపించాడు. నీలం రెయిన్‌కోటు, కళ్ళు తప్ప ఏమీ కనబడని ముసుగు, ఛాతీ మీద తెల్లరంగుతో వేసుకున్న గద్ద బొమ్మ. సంచి విప్పించి చూస్తే టార్చిలైటు, కట్టు గుడ్డ, గ్లూకోజు పొడి, వీధికుక్కలకు బిస్కెట్లు ఉన్నాయి. వయసు 22 ఏళ్ళు. పగలు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పని. రాత్రి చివరి బస్సు దిగిన ఆడవాళ్ళు ఆటో ఎక్కేదాకా అక్కడే నిలబడి, ఆ ఆటో నంబరు రాసుకుంటాడు. "కాపాడేవాడు ఒకడున్నాడని తెలిస్తే జనానికి ధైర్యం వస్తుంది సార్" అంటాడు. అప్పటినుంచి గస్తీ మధ్యలో ఇద్దరం టీ తాగుతూ మాట్లాడుకోవడం అలవాటైంది. అయితే గత నెలలో అతడు ఒక గొలుసు దొంగను వెంటాడి, కింద పడేసి కొట్టి, గొలుసు లాక్కుని, దాన్ని పోగొట్టుకున్న ఆవిడ చేతికిచ్చి, మేము చేరుకునేలోగా వెళ్ళిపోయాడు. అతడి చేతికి కూడా గాయమైంది. బైక్ మీంచి పడ్డానని తల్లికి చెప్పాడట. రాత్రిళ్ళు ఎక్కడికి వెళ్తున్నాడో ఆమెకు తెలియదు. బైండోవర్ చేస్తే, అంటే ఇకమీదట ఇలాంటివి చేయనని పూచీకత్తు రాయించుకుంటే, దారికి వస్తాడని మా వాళ్ళు అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఆ కుర్రాడి సంచిలో ఏమున్నాయో ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకుని రాశారు. అనుమానంతో సంచి విప్పించిన అధికారికి ఆరు నెలల తర్వాత కుక్క బిస్కెట్లు కూడా గుర్తున్నాయంటే, ఆ స్నేహం ఇప్పటికే గట్టిపడిందని అర్థమవుతోంది. దాన్ని వదులుకోవద్దని ముందుగానే చెబుతున్నాను. అయితే అతడికి చట్టం నేర్పే బాధ్యత కూడా మీదే, ఎందుకంటే అతడు వినేది మీ మాట ఒక్కటే.

గొలుసు సంఘటననే తీసుకుందాం. అతడు దొంగను పట్టుకోవడంలో తప్పు లేదు. తన కళ్ళెదుట నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల) నేరం జరిగితే సామాన్య పౌరుడు కూడా నేరస్తుణ్ణి పట్టుకోవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 40వ సెక్షన్ చెబుతోంది. గొలుసు తెంపుకుపోవడం అలాంటి నేరమే. అయితే ఆలస్యం చేయకుండా, ఆరు గంటలు దాటకుండా పోలీసులకు అప్పగించాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. పట్టుకుని, కొట్టి, వదిలేసి వెళ్ళిపోవడం అరెస్టు కాదు. ఇతరుల ఒంటికి, ఆస్తికి రక్షణగా నిలబడే హక్కు భారతీయ న్యాయసంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 34వ సెక్షన్ నుంచి 44వ సెక్షన్ వరకు ఉన్నా, అవసరమైనదానికంటే ఎక్కువ హాని చేయకూడదని 37వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కింద పడి, పారిపోయే వీలు లేనివాడి మీద పడిన ప్రతి దెబ్బా ఆ హద్దుకు అవతలిదే. మీరు వచ్చేసరికి అతడు అక్కడే ఉండి ఉంటే ఆ దెబ్బల గురించి మీరే అడగవలసి వచ్చేది.

గొలుసు ఆమె చేతికివ్వడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. నేను ఎస్సైగా ఉన్న రోజుల్లో ఇలాంటిదే ఒక కేసు చూశాను. బజారులో నలుగురు కలిసి దొంగను పట్టుకుని, గొలుసు అప్పటికప్పుడే దాని సొంతదారైన ఆవిడకి ఇచ్చేసి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. మధ్యవర్తుల నివేదిక (సాక్షుల ఎదుట రాసే పంచనామా) లేదు, సొమ్ము దొంగ దగ్గర స్వాధీనం చేసుకున్నట్టు రికవరీ లేదు, "వీడి దగ్గరే దొరికింది" అని బోనెక్కి చెప్పేవాడు లేడు. కేసు కొట్టేశారు. తీర్పు రోజు ఆమె కోర్టు వరండాలో మెడలోని గొలుసును కొంగుతో కప్పుకుని నిలబడింది. దొంగ ఆమె ముందునుంచే బయటికి నడిచి వెళ్ళాడు. మీ కుర్రాడికి ఇది ఎన్నిసార్లయినా చెప్పండి. అతడు ఆదర్శవాది కాబట్టి, దెబ్బ తగులుతుందంటే భయపడడు, దొంగ తప్పించుకుంటాడంటే మాత్రం తప్పకుండా ఆలోచిస్తాడు.

అందుకే ఆ ముసుగు తీయించాలి. సాక్షికి పేరు ఉండాలి, ముఖం ఉండాలి. అమెరికాలోని సియాటిల్‌లో ఫీనిక్స్ జోన్స్ అనే పేరుతో ఇలాగే వేషం వేసుకుని తిరిగే యువకుడు 2011 అక్టోబరులో వీధిలో కొట్లాట జరుగుతోందనుకుని కొందరి మీద పెప్పర్ స్ప్రే చల్లి అరెస్టయ్యాడు. చివరికి అభియోగాలు మోపలేదు గానీ, కోర్టులో అతడు ముసుగు తీయవలసి వచ్చింది. ఎదుటివాళ్ళు కొట్టుకుంటున్నారో, ఆడుకుంటున్నారో దూరంనుంచి చూసి చెప్పడం ముప్పై ఏళ్ళు సర్వీసు చేసిన నాకే కష్టం. మన దగ్గర 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకినప్పుడు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు కూడా పోయాయి. అర్ధరాత్రి ముసుగు మనిషి ఒకడు "దొంగ, దొంగ" అంటూ పరుగెత్తితే, జనం ఎవరిమీద పడతారో ఎవరు చెప్పగలరు? ఆ దెబ్బలు మీ కుర్రాడికే తగలవచ్చు.

మీ వైపునుంచి కూడా ఒక జాగ్రత్త అవసరం. అతడి ధైర్యం చూసి దాడులకు, సోదాలకు వెంట తీసుకువెళ్ళకండి. చాలినంత శిక్షణ లేని యువకులను స్పెషల్ పోలీసు అధికారులుగా ముందుకు తోయడాన్ని ఛత్తీస్‌గఢ్ సల్వాజుడుం (అడవి ప్రాంతాల్లో మావోయిస్టులకు వ్యతిరేకంగా స్థానికులతో నడిపిన దళాలు) కేసులో 2011లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. మీ పట్టణం అడవి కాకపోయినా, సూత్రం అదే.

మరి అతడికి పనేమీ లేదా అంటే, చాలా ఉంది. ఆటో నంబర్లు రాసే అలవాటు నాకు ఎంతో నచ్చింది. ఆ పుస్తకంలో తేదీ, సమయం కూడా వేయమనండి. ప్రమాదంలో పడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చేవారికి 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది. పేరు చెప్పమని వారిని బలవంతపెట్టకూడదు. పేరు లేకుండా మేలు చేయాలన్న అతడి కోరిక తీరే చోటు నిజంగా ఇదే. ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడి రక్తం ఆపడం, గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం నేర్పించండి. నేరం కనబడితే చేయి వేసేముందు 112కు ఫోన్ చేయాలని ఒప్పించండి. అతడు ఫోన్ చేసినప్పుడు ఆలస్యం లేకుండా బండి పంపడం మీ వంతు. రెండుసార్లు ఫోన్ చేసినా ఎవరూ రాకపోతే మూడోసారి మళ్ళీ తానే దూకుతాడు, అప్పుడు అతణ్ణి తప్పుపట్టే హక్కు మనకు ఉండదు.

బైండోవర్ మాటకు వస్తే, వద్దు. తహసీల్దారు ముందు నిలబెట్టి పూచీకత్తు రాయించుకోవలసినంత నేరబుద్ధి అతడిలో లేదు. పైగా ఆ కాగితం స్టేషన్ రికార్డులో ఉండిపోతుంది. రేపు ఏ ఉద్యోగానికో వెరిఫికేషన్ వచ్చినప్పుడు, మీ తర్వాత వచ్చే ఎస్సైకి ఆ కాగితం కనబడుతుంది గానీ కుక్క బిస్కెట్లు కనబడవు.

ఈ వారంలోనే ఒక సాయంత్రం యూనిఫాం లేకుండా వాళ్ళింటికి వెళ్ళండి. వెళ్ళేముందు అతడికి చెప్పి వెళ్ళండి. చేతి గాయం ఎలా అయిందో, రాత్రిళ్ళు ఎక్కడ ఉంటున్నాడో మీ సమక్షంలో అతడి నోటితోనే తల్లికి చెప్పించండి. ఆమె కోప్పడుతుంది, ఏడుస్తుంది కూడా. కాసేపు ఉండి, మీ నంబరు ఆమె ఫోన్‌లో మీరే ఎక్కించి రండి.