‘ముందే ట్రేడ్ చేయాల్సింది’ అని రాసే ముందు

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ స్టార్ కెవిన్ డ్యురాంట్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫ్రీ ఏజెన్సీ దాకా, అంటే ఒప్పందం ముగిసి నచ్చిన జట్టుకు వెళ్లే వీలు వచ్చేదాకా, ఆగకుండా 2016 ఫిబ్రవరిలోనే అతని జట్టు ఓక్లహామా సిటీ థండర్ అతన్ని ట్రేడ్ చేయాల్సిందని, అంటే వేరే జట్టుకు ఇచ్చి బదులుగా ఆటగాళ్లను తెచ్చుకోవాల్సిందని నీ వాదన. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారని శీర్షిక కూడా పెట్టావు. వాక్యం నీకు బాగా లొంగింది. కానీ గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కు వెళ్తున్నానని జులై 4న అతను ప్రకటించాక కూర్చుని, ఫిబ్రవరిలో ఉన్నవాళ్లను తప్పు పట్టావు. నాకు అభ్యంతరం అక్కడే.

ఫిబ్రవరికి వెళ్లి చూడు. వెళ్లిపోతానని అతను అప్పటికి చెప్పలేదు. పక్కన జట్టు రెండో స్టార్ రస్సెల్ వెస్ట్‌బ్రూక్ ఉన్నాడు. ఆ సీజన్‌లో థండర్ 55 మ్యాచ్‌లు గెలిచింది. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో, 67 విజయాలతో వచ్చిన శాన్ ఆంటోనియో స్పర్స్‌ను ఇంటికి పంపింది. ఆ తర్వాత, 73 విజయాలతో రికార్డు సృష్టించిన వారియర్స్ మీద ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో 3-1 ఆధిక్యంలోకి వచ్చింది. ఫైనల్‌కు ఇంకొక్క గెలుపు చాలు.

ఐదోది వారియర్స్ గెలిచింది. ఆరో మ్యాచ్ మనకు మే 29, ఆదివారం ఉదయం. ఆడుతున్నది ఓక్లహామా సిటీలో, సొంత జనం మధ్య. నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి థండర్ 8 పాయింట్లు ముందుంది. మ్యాచ్ చూస్తూ నోటుపుస్తకంలో గీతలు గీసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు వారియర్స్ ఆటగాడు క్లే థాంప్సన్ త్రీ పాయింటర్ల (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బుట్టల) గీతలు గడిలో పట్టక పక్క గడిలోకి వెళ్లాయి. లెక్కపెడితే పదకొండు. ప్లేఆఫ్స్‌లో అప్పటిదాకా ఎవరూ ఒక్క మ్యాచ్‌లో అన్ని వేయలేదు. డ్యురాంట్ వరుసలో షాట్లు 31, పడినవి 10. వారియర్స్ 108-101తో గట్టెక్కింది, ఏడో మ్యాచ్ కూడా వాళ్లదే అయింది.

ఆ రెండు వరుసల్లో గీతలు కాస్త అటూ ఇటూ అయి ఉంటే, డ్యురాంట్‌ను అట్టిపెట్టుకున్న యాజమాన్యాన్ని నువ్వే మెచ్చుకునేవాడివి. నీ వ్యాసంలో ఆ మ్యాచ్ ప్రస్తావనే లేదు.

నా అభిప్రాయం చెబుతున్నాను. టైటిల్ అందేంత దగ్గరలో ఉన్న జట్టు, ఆటగాడు నోరు విప్పి వెళ్తానని చెప్పనంత వరకు, అతన్ని ఉంచుకునే ఆడాలి. ఊరి జనం ఏళ్ల తరబడి అరేనాకు వచ్చింది అలాంటి మే నెల కోసమే.

ఇక జీతాల పరిమితి సంగతి, అంటే ఒక జట్టు తన ఆటగాళ్లందరి జీతాలకు కలిపి పెట్టగల ఖర్చుకు లీగ్ పెట్టిన హద్దు. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, మన పాఠకుడు తికమకపడేది అక్కడే. అతనికి ఐపీఎల్ వేలం తెలుసు: ఆటగాడిని వదిలేస్తే అతని ధర జట్టు పర్సులోకి తిరిగి వస్తుంది. ఎన్‌బీఏలో అలా కాదు. సొంత ఆటగాడితో మళ్లీ ఒప్పందం చేసుకోవడానికి జట్టు పరిమితి దాటవచ్చు. బయటి స్టార్‌ను పెద్ద జీతంతో తెచ్చుకోవాలంటే మాత్రం పరిమితిలో చోటు ఉండాలి. మిగతావాళ్ల జీతాలతోనే ఆ చోటు నిండిపోయి ఉంటే, స్టార్ వెళ్లిపోయినా కొత్త స్టార్‌ను కొనే వీలుండదు. ‘ఊరికే పోగొట్టుకోవడం’ అని అంతగా భయపడేది ఇందుకే. పైగా 2016 వేసవిలో కొత్త టీవీ ఒప్పందం వల్ల ఆ పరిమితి 7 కోట్ల డాలర్ల నుంచి 9.4 కోట్లకు ఎగబాకింది. అప్పటికే నిండుగా ఉన్న వారియర్స్‌కు డ్యురాంట్‌ను తీసుకునే చోటు దొరికింది అలాగే. ఇది రాయకుండా ఆ కథ చెప్పలేం.

ఆటగాడు వెళ్తానని చెప్పేస్తే లెక్క వేరు. 2018లో ఇక ఉండనని పాల్ జార్జ్ 2017 జూన్‌లోనే ఇండియానా పేసర్స్‌కు తెలియజేశాడు. సర్వనాశే సముత్పన్నే అర్ధం త్యజతి పండితః అన్నట్టు, పేసర్స్ అతన్ని థండర్‌కే ఇచ్చి విక్టర్ ఓలడిపోనూ డొమాంటాస్ సబోనిస్‌నూ తెచ్చుకుంది. పేసర్స్ మోసపోయిందని ఆ వారం చాలామంది రాశారు. నేనూ రాశాను. మరుసటి సీజన్‌లో ఓలడిపో ఆల్‌స్టార్ అయ్యాడు, జట్టు 48 మ్యాచ్‌లు గెలిచింది. నా వ్యాసం ఇప్పుడు తీసి చూస్తే ఓలడిపో ఆట గురించి ఒక్క వాక్యం లేదు. పేర్లు తూచి తీర్పు ఇచ్చేశాను. ఆ బాధ ఇంకా ఉంది, నీకు అది వద్దనే ఇంత రాస్తున్నాను.

ఆ ట్రేడ్ కథ చాలా దూరం వెళ్లింది. పేసర్స్ 2022లో సబోనిస్‌ను శాక్రమెంటోకు పంపి టైరీస్ హాలిబర్టన్‌ను తెచ్చుకుంది. థండర్ 2019లో జార్జ్‌ను లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌కు ఇచ్చి షే గిల్జస్ అలెగ్జాండర్‌నూ బోలెడన్ని డ్రాఫ్ట్ పిక్‌లనూ (లీగ్‌లోకి వచ్చే కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతులనూ) అందుకుంది. 2025 ఫైనల్ ఈ రెండు జట్ల మధ్యే జరిగింది, ఏడో మ్యాచ్‌లో థండర్ గెలిచింది. ఇదంతా తప్పకుండా రాయి, చదివేవాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది. అయితే 2017లో సంతకాలు పెట్టినవాళ్లకు ఇదంతా ముందే తెలుసన్నట్టు మాత్రం రాయకు.

వ్యాసం మళ్లీ రాసి పంపు. ఆరో మ్యాచ్ నాలుగో క్వార్టర్‌కు కనీసం రెండు పేరాలు ఇవ్వు. డ్యురాంట్‌కు బదులు మంచి ఆటగాళ్లు వచ్చేవాళ్లని రాశావు. ఎవరు? ఆ ఫిబ్రవరిలో ఏ జట్టు దగ్గర ఎవరున్నారో, వాళ్లలో ఎవరిని వదులుకునేవాళ్లో పేరు పేరునా రాయి. రాశాక కూడా ట్రేడ్ చేయాల్సిందనే నీకు అనిపిస్తే అదే రాయి, నేను అడ్డు చెప్పను. శీర్షిక అప్పుడు చూద్దాం.

ఇట్లు,
మీ అన్నయ్య